యూనివర్సిటీ అమ్మేది సదువా, కాయితమా?

ఆన్‌లైన్ల డిగ్రీ ఇస్తమని ఏ కొత్త యూనివర్సిటీ పేరు చెవుల వడ్డా మనోళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "దానికి గుర్తింపు ఉన్నదా?" అడగాల్సిన మాటే. కాని గదొక్కటే అడిగి ఊకుంటె పని గాదు. ఉన్నది అనే జవాబు అబద్ధం గావొచ్చు. లేదు అనే జవాబు నిజాయితీ గావొచ్చు. ఈ రెండు ముచ్చట్లు అమెరికాల మన తెలుగు పిల్లలు పైసలు పోగొట్టుకొని, కొందరైతె కాళ్లకు నిఘా పట్టీలు కట్టించుకొని మరీ తెలుసుకున్నరు. ఇయ్యాల ఫోన్ తెరిస్తె చాలు, ఆన్‌లైన్ ఎంబీఏ, ఆన్‌లైన్ ఎమ్మెస్, ఆన్‌లైన్ డాక్టరేట్ అని ప్రకటనలు. అందుకే ఆ పాత కథలు ఒకసారి యాది చేసుకోవాలె.

2009ల అమెరికాల కాలిఫోర్నియా రాష్ట్రంల రెండు యూనివర్సిటీలు పనిల వడ్డయి. ఒకటి ప్లెజంటన్ల ట్రై-వ్యాలీ యూనివర్సిటీ. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి దానికి ఆ యేడు ఫిబ్రవరిల వచ్చింది. రెండోది పాసడీనాల యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్. షాయ్ రెషెఫ్ అనే ఇజ్రాయెల్ వ్యాపారి మొదలువెట్టిండు. అప్పటికి రెండింటికీ అక్రెడిటేషన్ లేదు. రెండూ ఆన్‌లైన్లనే పాఠాలు చెప్తమన్నయి. గుర్తింపు ఉన్నదా అన్న ఒక్క ప్రశ్నతోని కొలిస్తె రెండూ సమానమే. ఐదేండ్లు తిరిగినంక, 2014ల, ఒకదానికి అక్రెడిటేషన్ వచ్చింది. రెండోదాన్ని నడిపిన మనిషికి 16 ఏండ్లకు పైగా జైలు వడ్డది.

మొదలు ట్రై-వ్యాలీ సంగతి. 2011 జనవరిల అమెరికా ఇమ్మిగ్రేషన్ పోలీసులు దాని మీద దాడి చేసేటాళ్లకు అండ్ల పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు ఉన్నరు. ఎక్కువ మంది మన దేశపోళ్లే, అండ్ల సుత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి పోయినోళ్లే జాస్తి. ఎఫ్-1 వీసా మీద ఉన్నోడు నిజంగ క్లాసుకు పోవాలె. కాని వీళ్లు టెక్సస్ల ఒకలు, మేరీలాండ్ల ఒకలు, ఎక్కడ పని దొరికితె అక్కడ ఉన్నరు. రికార్డులల్ల మాత్రం సగం మందికి పైగా విద్యార్థుల అడ్రసు సన్నీవేల్ల ఒకటే అపార్ట్‌మెంట్. ఒక్క ఇంట్ల అయిదు వందల మంది ఎట్ల పండుకున్నరో ఆ రికార్డు రాసినోళ్లకే తెల్వాలె. కొత్తోళ్లను పట్టుకొచ్చిన విద్యార్థులకు ఫీజుల వాటా ముట్టేది. చిట్టీల కంపెనీలు, గొలుసుకట్టు స్కీములు చూసిన మన ఊర్లోళ్లకు ఈ పద్ధతి విడమర్సి చెప్పే పని లేదు.

అక్రెడిటేషన్ లేకుంట వీసా కాయితం ఇచ్చే అనుమతి దానికెట్ల వచ్చింది? అమెరికా రూల్స్‌ల ఒక దారి ఉన్నది. అక్రెడిటేషన్ లేని కాలేజీ, గుర్తింపు ఉన్న మూడు కాలేజీల నుంచి "మీ దగ్గర సదివిన క్రెడిట్లను మేం ఏ షరతు లేకుంట ఒప్పుకుంటం" అని ఉత్తరాలు తేవాలె. ఆ దారి తప్పేం గాదు, కొత్త కాలేజీలు ఎక్కిరావాలంటె ఏదో ఒక మెట్టు ఉండాలె గదా. అయితె ట్రై-వ్యాలీ చూపెట్టిన ఆధారాలు అబద్ధమని కోర్టుల తేలింది. స్థాపకురాలు సూసన్ సు 31 నేరాలల్ల దోషి అయింది. 2014 అక్టోబర్‌ల 198 నెలల శిక్ష వడ్డది, 56 లక్షల డాలర్ల ఆస్తి జప్తు అయింది.

పిల్లల గతి ఏమైంది? వీసాలు రద్దయినయి. కొందరికి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిండ్రు. పశువులకు కట్టినట్టు కడ్తరా అని ఇక్కడ లొల్లి అయింది, మన సర్కారు అమెరికాకు నిరసన తెలిపింది. కొందరు తిప్పలు వడి వేరే కాలేజీలకు మారిండ్రు, కొందరు అప్పులతోని వాపస్ వచ్చిండ్రు.

ఇగ యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్. 2009 సెప్టెంబర్‌ల మొదటి బ్యాచ్ చేరినప్పుడు దాని దగ్గర అక్రెడిటేషన్ కాయితం లేదు. కాని అది లేదన్న సంగతి దాచిపెట్టలేదు. ట్యూషన్ ఫీజు లేదు. దరఖాస్తుకు, పరీక్షకు చిన్న చిన్న ఫీజులే. వీసా కాయితం ఇస్తననలేదు, కొలువు ఇప్పిస్తననలేదు. ఎవరింట్ల వాళ్లు కూసొని సదువుకోవాలె, అంతే. వేరే దేశాల పేద పిల్లలు, శరణార్థులు సుత చేరిండ్రు. పాఠాల తీరు మీద, డిగ్రీ విలువ మీద అప్పుడు అనుమానాలు ఉండె, అవి న్యాయమైన అనుమానాలే. అయినా అక్కడ చేరినోడు మోసపోయే దారి తక్కువ. ఎందుకంటె వాళ్లు అమ్మేది సదువు మాత్రమే. నచ్చకుంటె పోయేది కొంత టైమ్, కొద్దిగ పైసలు.

తేడా ఇక్కడనే ఉన్నది. ట్రై-వ్యాలీ అమ్మింది సదువు గాదు, ఐ-20 అనే వీసా కాయితం. పాఠం అనేది ఆ కాయితానికి చుట్టిన సంచి. అక్రెడిటేషన్ లేని యూనివర్సిటీని తూచాలంటె పైసలు దేనికి కడ్తున్నమో ముందు తేల్చుకోవాలె. వీసా, పర్మిట్, ప్రమోషన్, పేరు ముందర "డాక్టర్" – వీటిల ఏదన్న ఒకటి తీసి పక్కకు వెడితె కూడ నువ్వు అక్కడ చేరుతవా? చేరను అని నీ మనసే చెప్తె, నువ్వు కొంటున్నది సదువు గాదు.

ఇంకో తిరకాసు మన భాషల్నే ఉన్నది. తెలుగుల మనం అన్నిటికీ ఒక్క "గుర్తింపు" అనే మాట వాడ్తం. అమెరికాల అది మూడు వేరు వేరు సంగతులు. రాష్ట్రం ఇచ్చే నడుపుకునే పర్మిషన్ ఒకటి. విదేశీ విద్యార్థులకు ఐ-20 ఇయ్యనీకి ఫెడరల్ సర్కారు ఇచ్చే అనుమతి ఇంకోటి. సదువు నాణ్యత చూసి బయటి సంస్థ ఇచ్చే అక్రెడిటేషన్ మూడోది. మొదటిది దుకాణం లైసెన్సు లెక్క. రెండోది వీసా లెక్క. మూడోది ఒక్కటే సదువుకు సంబంధించింది. దిల్‌సుఖ్‌నగర్ల, అమీర్‌పేట్ల కూసున్న కన్సల్టెన్సీ మనిషి "సార్, సర్కారు గుర్తింపు ఉన్నది" అన్నప్పుడు అబద్ధం చెప్పకపోవచ్చు. మొదటిదో రెండోదో చూపెట్టి మూడోది ఉన్నట్టు అనిపిస్తడు. తండ్రి తలకాయ ఊపుతడు, ఎకరం భూమి కుదవ వెడ్తడు.

ఇది మాటల తేడానే అనుకుంటె దెబ్బతింటం. అమెరికాల సదువు అయినంక స్టెమ్ కోర్సులోళ్లకు పని అనుమతి ఇంకో రెండేండ్లు పొడిగిస్తరు గదా, దానికి కాలేజీకి అక్రెడిటేషన్ ఉండాలె. హెచ్-1బీ వీసాలల్ల మాస్టర్స్ సదివినోళ్లకు వేరేగ 20,000 కోటా ఉన్నది. ఆ కోటాకు కాలేజీకి అక్రెడిటేషన్ ఉంటేనె సరిపోదు, అది సర్కారుదో లాభం కోసం నడవందో అయి ఉండాలె. ఐ-20 ఇచ్చిండ్రు, విమానం ఎక్కినం, సదివినం, ఫీజు కట్టినం. అంతా అయినంక ఈ రెండు తలుపుల కాడ ఆపుతరు.

ఆన్‌లైన్ యూనివర్సిటీల విషయంల ఇంకో రూల్ తెలిసి ఉంటె ట్రై-వ్యాలీ పిల్లలల్ల శానామంది బయటవడేటోళ్లు. ఎఫ్-1 వీసా మీద ఉన్న డిగ్రీ విద్యార్థికి ఒక సెమిస్టర్‌ల ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే లెక్కకు వస్తది. కరోనా కాలంల కొన్నాళ్లు సడలించిండ్రు, అది వేరే సంగతి. అంటే "వీసా ఇస్తం, క్లాసులన్ని ఆన్‌లైన్లనే, మొదటి రోజు నుంచే ఫుల్ టైమ్ పని చేసుకో" అన్న యూనివర్సిటీ తన నోటితోనే తన గుట్టు చెప్పుకున్నట్టు. దానికి ఇంకే పరీక్ష అక్కర లేదు.

అక్రెడిటేషన్ ఉన్నది అన్నోళ్లనన్న నమ్మొచ్చా అంటె, అది ఇచ్చింది ఎవలు అని అడగాలె. 2015 మే నెలల న్యూయార్క్ టైమ్స్ పత్రిక పాకిస్తాన్‌ల కరాచీ నుంచి నడిచే యాక్సాక్ట్ అనే కంపెనీ గుట్టు బయటవెట్టింది. వాళ్లవి 370 దాక వెబ్‌సైట్లు. అండ్ల యూనివర్సిటీలే గాదు, ఆ యూనివర్సిటీలు మంచియి అని సర్టిఫికెట్ ఇచ్చే అక్రెడిటేషన్ సంస్థలు సుత వాళ్లయే. కొడుక్కు తండ్రే పూచీకత్తు లెక్క. అమెరికాల అయితె అక్కడి విద్యాశాఖ ఒప్పుకున్న సంస్థల పట్టీ ఉన్నది, ఆ సంస్థలు ఒప్పుకున్న కాలేజీల పట్టీ ఉన్నది. ఆ పట్టీల మీద లేని సంస్థ ఇచ్చింది ఉత్త కాయితం.

మంచి సంస్థ ఇచ్చిన గుర్తింపు కూడ ఊడిపోవచ్చు. ఏసీఐసీఎస్ అనే సంస్థ ఏండ్ల తరబడి వందల కాలేజీలకు అక్రెడిటేషన్ ఇచ్చింది. 2016 డిసెంబర్‌ల అమెరికా విద్యాశాఖ దాని హోదా తీసేసింది, 2018ల తిరిగి ఇచ్చింది, 2022ల మల్ల తీసేసింది. దాన్ని నమ్ముకున్న కాలేజీలల్ల సదివి పని అనుమతి పొడిగించుకుందామనుకున్నోళ్లు మధ్యల ఇరుకున వడ్డరు. దీని కంటె ఒక యేడు ముందు, 2015 డిసెంబర్‌ల, కాలిఫోర్నియాల రెండు యూనివర్సిటీలకు పోతున్న 19 మందిని హైదరాబాద్ ఎయిర్‌పోర్టులనే ఎయిర్ ఇండియా విమానం ఎక్కనియ్యలే. ఆ రెండింటినీ మేం నల్ల జాబితల వెట్టలేదని తర్వాత అమెరికా అధికారులు చెప్పిండ్రు. అయినా ఆ రాత్రి పెట్టెలు వట్టుకొని ఇంటికి మళ్లినోళ్లు మళ్లిండ్రు.

అన్నిటికంటె పెద్ద కిరికిరి ఫార్మింగ్టన్‌ది. మిషిగన్ల ఫార్మింగ్టన్ హిల్స్‌ల యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని ఒకటి 2015 నుంచి ఉన్నది. వెబ్‌సైట్ చివర మామూలోళ్లకు దొరకని "డాట్ ఈడీయూ" ఉన్నది. ఐ-20 ఇచ్చే అనుమతి ఉన్నది. విద్యాశాఖ ఒప్పుకున్న అక్రెడిటేషన్ సంస్థ పట్టీల దాని పేరు ఉన్నది. పై పేరాలల్ల నేను చెప్పిన కాయితపు పరీక్షలన్నిటిల అది పాస్ అయితది. కాని అది యూనివర్సిటీ గాదు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే పెట్టిన వల. మాస్టర్లు లేరు, క్లాసులు లేవు, అక్కడ కూసున్నది ఇమ్మిగ్రేషన్ అధికారులు. అంతకు ముందు 2013ల న్యూజెర్సీల ఇట్లనే ఒకటి పెట్టి, 2016ల 21 మంది దళారులను పట్టుకున్నరు. ఫార్మింగ్టన్ల సుమారు 600 మంది చేరిండ్రు, దాదాపు అందరు మన దేశపోళ్లే. క్వార్టర్‌కు 2,500 డాలర్ల లెక్కన ఫీజు సర్కారే వసూలు చేసింది. 2019 జనవరిల వల గుంజిండ్రు. 8 మంది దళారుల మీద కేసులు – పేర్లు చూస్తెనే తెలుగోళ్లని ఎరుకైతది. ఆ యేడు చివరికి 250 మంది దాక విద్యార్థులను పట్టుకున్నరు.

ఇక్కడ రెండు వాదనలు ఉన్నయి. క్లాసు లేదు, పరీక్ష లేదు అని తెలిసే చేరిండ్రు, తప్పు విద్యార్థులదే అని అమెరికా సర్కారు అంటది. సర్కారు పట్టీలు చూసి, సర్కారు మాట నమ్మి చేరినం, మోసం చేసింది సర్కారే అని విద్యార్థులు అంటరు. నాకైతె రెండు వైపులా కొంత నిజం కనవడ్తది, కాని బరువు ఒక్క తీరు లేదు. కొందరు పిల్లలు తెలిసే పోయిండ్రు, దాచేది ఏం లేదు. కాని ఇంకో కాలేజీ మూతవడి, గడువు దగ్గరవడి, పట్టీల పేరు చూసి చేరినోడు, క్లాసులు ఎప్పుడు అని అడిగినోడు కూడ ఉన్నడు. వాని చేతుల ఉన్న ఒక్క కొలత ఆ పట్టీ. కొలత రాయిని సర్కారే తేలిక చేసి, తూకం తప్పిందని కొన్నోన్ని జైల్ల వెడితె ఎట్ల? ఒక విద్యార్థి తన ఫీజు కోసం వేసిన కేసును కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్ల ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసింది. పైసలు తీసుకొని సదువు చెప్తనని ఒప్పుకొని చెప్పకపోతె సర్కారు మీదైనా కేసు నడుస్తదన్నది. చిన్న సంగతి గాదు ఇది.

ఫార్మింగ్టన్ నుంచి మనం నేర్వాల్సింది ఏందంటె, పట్టీ చూసుడు అయినంక కూడ పని మిగిలే ఉంటది. పాఠం చెప్పే మాస్టర్ పేరేంది? ఆయన వేరే ఎక్కడన్న సదివిండా, రాసిండా? మొన్న పరీక్షల ఎంతమంది ఫెయిల్ అయిండ్రు? ఫెయిల్ చెయ్యని యూనివర్సిటీని నేను నమ్మ. పోయిన యేడు పాసయినోళ్లల్ల ఇద్దరి నంబర్లు ఇయ్యమని అడిగితె, కన్సల్టెన్సీ మనిషి ఇచ్చిన నంబరు గాదు, నువ్వు లింక్డిన్ల వెతికి పట్టుకున్న మనిషితోని మాట్లాడు.

మన దేశంల లెక్క ఇంకో తీరు. ఇక్కడ న్యాక్ గ్రేడు లేనంత మాత్రాన యూనివర్సిటీ దొంగది గాదు. డిగ్రీ ఇచ్చే హక్కు ఉన్నదా లేదా అన్నదే అసలు సంగతి. 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం పార్లమెంటు చట్టంతోనో, అసెంబ్లీ చట్టంతోనో పుట్టిన యూనివర్సిటీ, డీమ్డ్ యూనివర్సిటీ, లేకుంటె పార్లమెంటు ప్రత్యేకంగ అధికారం ఇచ్చిన సంస్థ – ఇవే డిగ్రీ ఇయ్యాలె. మిగతా ఎవలిచ్చినా చెల్లదు. యూజీసీ దొంగ యూనివర్సిటీల పట్టీల గుంటూరుది ఒకటి, విశాఖపట్నానిది ఒకటి ఏండ్ల సంది కూసున్నయి. ఆన్‌లైన్ కోర్సుకైతె వేరేగ అనుమతి కావాలె. యూనివర్సిటీ అసలైందే అయినా, ఆ కోర్సుకు, ఆ యేటికి యూజీసీ దూరవిద్య విభాగం పట్టీల పేరు లేకుంటె ఆ డిగ్రీ లెక్కకు రాదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటియి ఆన్‌లైన్ల డిగ్రీగ ఇయ్యరాదు. పీహెచ్‌డీ సుత అంతే. 2024 నుంచి ఆన్‌లైన్ కోర్సుల చేరాలంటె విద్యార్థి తన పేరు మీద డీఈబీ ఐడీ తీసుకోవాలె. చేర్చుకునేటోడు ఆ ఐడీ అడగలేదంటె అక్కడనే ఆగాలె.

విదేశీ యూనివర్సిటీ పేరుతోని మన యాప్ కంపెనీలు అమ్మే డిగ్రీల సంగతి ఇంకా గట్టిగ చూసుకోవాలె. ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు మోసపోవద్దని 2022 అక్టోబర్‌ల యూజీసీ, ఏఐసీటీఈ కలిసి చెప్పినయి. యూజీసీ ఒప్పుకోని విదేశీ సంస్థలతోని కలిసి ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీలు చెల్లవని 2023 డిసెంబర్‌ల మల్ల చెప్పింది. ఆ యూనివర్సిటీ వాళ్ల దేశంల మంచిదే గావొచ్చు. ప్రైవేటు కంపెనీల కొలువుకు పనికి రావొచ్చు. సర్కారు కొలువుకు, ఇక్కడ పై సదువుకు మాత్రం అక్కరకు రాదు. ఈ మాట ప్రకటనల కింద చీమ తలకాయంత అక్షరాలల్ల కూడ ఉండది.

గౌరవ డాక్టరేట్ల సంగతి నేను ఎత్తుకోను. ఎన్నికలు వస్తె ఫ్లెక్సీల మీద పేర్ల ముందర ఎన్ని "డా."లు మొలుస్తయో ఊరూరికి ఎరుకే. అవి కొనుక్కునేటోడు మోసపోతలేడు, మోసపోతున్నది ఫ్లెక్సీ చూసేటోళ్లు.

ఇంత అయినా అక్రెడిటేషన్ లేని చోట సదవాలని ఉన్నోడు ఉంటడు. కొత్త కోర్సు, తక్కువ ఫీజు, కొలువు చేసుకుంట నేర్సుకునే అవకాశం. తప్పు గాదు. కాని "అప్లై చేసినం, ఆరు నెలల్ల వస్తది" అన్న మాటకు మాత్రం విలువ కట్టకుండ్రి. అప్లికేషన్ ఎవడైనా వెడ్తడు. అమెరికాల అక్రెడిటేషన్ దారిల "క్యాండిడేట్" అనే మెట్టు ఉన్నది, ఆ మెట్టు ఎక్కిన కాలేజీల పేర్లు సంస్థలు వాటంతట అవే బయటవెడ్తయి. ఆ పట్టీల లేకుంటె ఆరు నెలలు అన్నది నోటిమాట. అది వచ్చినా ముందుగాల ఇచ్చిన డిగ్రీలకు మామూలుగ వర్తించది. అందుకే అడగాల్సిన ప్రశ్న ఏ యేడు వస్తది అని గాదు. నా డిగ్రీ మీద వేసే తారీఖు నాటికి అక్రెడిటేషన్ లేకుంటె నా ఫీజు వాపస్ ఇస్తరా అని అడగాలె, జవాబు కాయితం మీద రాసియ్యమనాలె.